మణికట్టు పట్టుకుని చూసి "నువ్వు ఎక్టో, మీ బావ ఎండో" అన్నాడు కోచ్. ఒంటి తీరును బట్టి వ్యాయామం ఇంతగా మారుతుందా?

స్లాబ్ కుర్రోడు, ఒంగోలు

అందరికీ నమస్తే. నా వయసు 24. ఎత్తు 178 సెంటీమీటర్లు, బరువు 54 కిలోలు. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో స్లాబులు కొలిచి రాసే పని. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా టేపు పట్టుకుని యార్డులో తిరుగుతూనే ఉంటా. మా బావ (అక్క భర్త) వయసు 36, ఎత్తు 168, బరువు 88. పొగాకు గోడౌన్‌లో లెక్కలు చూస్తాడు. వేలం సీజన్ వస్తే మనిషి కుర్చీలోంచి లేవడు.

ఇద్దరం కలిసి కర్నూలు రోడ్డు వైపు ఒక జిమ్‌లో చేరాం. మొదటి రోజే కోచ్ "కుడి మణికట్టును ఎడమచేతి బొటనవేలు, మధ్యవేలుతో చుట్టి పట్టుకోండి" అన్నాడు. నా వేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. "నువ్వు ఎక్టోమార్ఫ్, అంటే సన్న ఒళ్లు" అన్నాడు. బావ వేళ్లు అసలు కలవలేదు. "మీరు ఎండోమార్ఫ్, అంటే లావు ఒళ్లు" అన్నాడు. అంతే, చెరో చార్టు చేతిలో పెట్టాడు.

నా చార్టులో కార్డియో (పరుగు, సైకిల్ లాంటి ఊపిరి ఆడించే పని) ముట్టుకోకూడదు. బరువులు మాత్రమే, రోజుకో కండరం, పైన గెయినర్ డబ్బా, అంటే బరువు పెంచే పొడి. బావకేమో ట్రెడ్‌మిల్, సైకిల్, స్కిప్పింగ్. బరువులెత్తితే ఇంకా లావవుతారంట. రాత్రిపూట అన్నం బంద్.

స్కిప్పింగ్ మొదలుపెట్టాక బావకి మోకాలు పట్టేసింది. నేను స్క్వాట్‌కి (గుంజీలా కూర్చుని లేచేది) కూర్చుంటే మడమలు పైకి లేస్తున్నాయి. అడిగితే "ఎక్టోలకి కాళ్లు రావులే, వదిలెయ్" అంటున్నాడు. మా అక్క "ఒకే కుండలో అన్నం తినేవాళ్లకి రెండు శాస్త్రాలేందిరా" అని నవ్వుతోంది.

ఈ ఎక్టో, ఎండో గోలలో నిజం ఎంత? నేను కార్డియో పూర్తిగా మానేయాలా? బావ బరువులు ఎత్తకూడదా? తెలిసినవాళ్లు చెప్పండి. గూగుల్ చేస్తే ఒక్కొక్కడు ఒక్కో మాట చెప్తున్నాడు.

మైపాడు రన్నర్

తమ్ముడూ, మిగతాది పెద్దలు చెప్తారు. నేను చెప్పేది ఒక్కటే: ఆ డబ్బా కొనేముందు వెనక లేబుల్ చదువు. మొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్ అని ఉంటే నువ్వు కొంటున్నది ఎక్కువ భాగం పిండిపదార్థమే. ఆ డబ్బులకి మన నెల్లూరు బియ్యం, వేరుశెనక్కాయలు, గుడ్లు ఎన్నొస్తాయో లెక్కేసుకో.

పాత పీఈటీ, కందుకూరు

అబ్బయ్యా, ముందు ఆ మణికట్టు సంగతి తేలుద్దాం. వేళ్లు కలవడం కలవకపోవడం ఎముక వెడల్పు మీద ఎంత ఆధారపడుతుందో, వేళ్ల పొడుగు మీద కూడా అంతే ఆధారపడుతుంది. పైన కొవ్వుంటే అదీ లెక్కలోకి వస్తుంది. ఎముక సన్నమా దొడ్డా అని ఉజ్జాయింపుగా చూసుకోవడానికి పనికొస్తుందేమో గానీ, దాన్ని బట్టి ఒకడు పరిగెత్తాలి, ఇంకొకడు బరువులెత్తాలి అని రాసిచ్చేయడం కుదరదు.

నేనెవరో చెప్పి మొదలుపెడతా. సర్వీసంతా జడ్పీ హైస్కూళ్లలో పీఈటీని. ప్రకాశం జిల్లాలో ఉద్యోగం చేసి రిటైరయ్యా. 2022లో జిల్లాలు మార్చినప్పుడు ఇల్లు కదలకుండానే నెల్లూరు జిల్లాలోకి పోయా. సన్నవాళ్లు, లావువాళ్లు, పొట్టివాళ్లు, పొడుగువాళ్లు ఒకే పీరియడ్‌లో ఒకే విజిల్ కింద నా ముందు నిలబడేవాళ్లు. నీ ప్రశ్న నాకు రోజూ ఎదురైనదే.

ఆ మూడు పేర్లూ పెట్టింది విలియం షెల్డన్ అనే అమెరికన్. వ్యాయామ శిక్షకుడు కాదు, సైకాలజిస్టు. 1940లో పుస్తకం రాశాడు. తల్లి కడుపులో పిండానికి మూడు పొరలుంటాయి కదా, లోపలి పొర నుంచి పేగులు, నడిమి పొర నుంచి కండ, ఎముక, పై పొర నుంచి చర్మం, నరాలు తయారవుతాయి. ఆ మూడింట్లో దేని పాలు ఎక్కువైతే మనిషి ఆ తీరులో ఉంటాడని ఆయన ఊహ. ఎండో (లావు), మీసో (కండ), ఎక్టో (సన్నం) అనే పేర్లు అక్కణ్ణుంచే వచ్చాయి. కాలేజీ కుర్రాళ్ల ఫొటోలు దగ్గర దగ్గర నాలుగు వేలు ముందేసుకుని, ఒక్కొక్కరికి మూడు అంకెలు వేశాడు. ఒక్కో అంకె ఒకటి నుంచి ఏడు దాకా. పరమ లావు మనిషి 7-1-1, కండల మనిషి 1-7-1, గాలికి ఊగే మనిషి 1-1-7, నడిమి మనిషి 4-4-4.

చూశావా, ఆయన లెక్కలో కూడా ప్రతి మనిషిలో మూడూ ఉన్నాయి. పాళ్లే తేడా. జిమ్ముల దాకా వచ్చేసరికి అంకెలు రాలిపోయి, మూడు పేర్లు మిగిలాయి. షెల్డన్ ఇంకో తప్పు పని కూడా చేశాడు. లావుగా ఉన్నవాళ్లు తిండిప్రియులు, సుఖపురుషులు, సన్నగా ఉన్నవాళ్లు ముభావులు, భయస్తులు అని ఒంటికి గుణాలు అంటగట్టాడు. ఆ భాగాన్ని తర్వాతివాళ్లు కొట్టిపారేశారు. మేం మాత్రం ట్రెయినింగ్‌లో అదంతా పరీక్ష కోసం బట్టీ పట్టాం, అది వేరే కథ.

ఫొటో చూసి అంకె వేయడం ఏం పద్ధతని 1967లో బార్బరా హీత్, లిండ్సే కార్టర్ అనే ఇద్దరు దాన్ని కొలతల మీదికి తెచ్చారు. ఎత్తు, బరువు, నాలుగు చోట్ల చర్మపు మడత మందం, మోచేతి దగ్గర, మోకాలి దగ్గర ఎముక వెడల్పు, జబ్బ చుట్టుకొలత, పిక్క చుట్టుకొలత, మొత్తం పది. స్పోర్ట్స్ సైన్సులో ఇప్పటికీ వాడతారు. హై జంపర్లు ఏ తీరులో ఉంటారు, జిమ్నాస్టులు ఏ తీరులో ఉంటారు అని చెప్పడానికి అది బాగా పనికొస్తుంది. అయితే అది ఇవాళ్టి ఒంటిని కొలిచేది. నువ్వు కండ పెంచితే నీ అంకె మారుతుంది, మీ బావ పొట్ట తగ్గితే ఆయన అంకె మారుతుంది. ఈ అంకె ఉన్నవాడు ఈ వ్యాయామం చేయాలి అనే చీటీ దాంట్లో ఎక్కడా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకి చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాలు మోస్తరు శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలకి పని. అందులో సన్నవాళ్లకి వేరు, లావువాళ్లకి వేరు అని లేదు.

మరి ఒంటిని బట్టి వ్యాయామం మారదా అంటే, ఎందుకు మారదు? తప్పకుండా మారుతుంది. కాకపోతే చూడాల్సినవి వేరు.

నీ మడమలు లేస్తున్నాయన్నావే, అది చూద్దాం. చెప్పుల్లేకుండా గోడకి ఎదురుగా నిలబడు. ఒక కాలి బొటనవేలు గోడకి నాలుగైదు వేళ్ల దూరంలో పెట్టు. మడమ నేల మీదే ఉంచి, మోకాలు ముందుకు వంచి గోడకి తాకించు. తాకిందా, నీ చీలమండ బాగానే వంగుతోంది. మడమ లేస్తే గానీ తాకలేదంటే చీలమండ బిగుసుకుపోయి ఉంది. రెండు కాళ్లకీ విడివిడిగా చూడు, తేడా ఉండొచ్చు. రెండూ తాకినా స్క్వాట్‌లో మడమలు లేస్తున్నాయంటే, నీ తొడ ఎముక పొడుగై ఉండొచ్చు. తొడ పొడుగున్నవాడు కిందికి కూర్చుంటే నడుం వెనక్కి ఎక్కువ పోతుంది, పడిపోకుండా ఒళ్లు ముందుకు వాల్చక తప్పదు. పొట్టి తొడలున్నవాడు నిటారుగా కూర్చుంటాడు, కోచ్ "వాణ్ణి చూసి నేర్చుకో" అంటాడు. వాణ్ణి చూసి నువ్వు నేర్చుకునేదేం లేదు, వాడి ఎముక వేరు.

మడమల కింద రెండున్నర కిలోల ప్లేట్లు చెరొకటి పెట్టుకో. కాళ్లు భుజాల కంటే రోంత ఎడంగా పెట్టి, పాదాలు బయటికి తిప్పు. బార్ భుజాల మీద వద్దు, ఒక డంబెల్‌ని నిలువుగా ఛాతీకి ఆనించి రెండు చేతులతో పట్టుకో. వెనకాల బెంచీ పెట్టుకుని, దాన్ని పిర్రలు తాకేదాకా కూర్చుని లే. మొదట్లో పది కిలోల డంబెల్ చాలు. కాళ్లు రావంటాడా! పొడుగు కాళ్లకి కండ పట్టినా చుట్టుకొలతలో తక్కువగా కనబడుతుంది, అంతమాత్రాన బలం రానట్టు కాదు. కాళ్లు వదిలేసి రోజుకో కండరం అని చేతులకే పని చెబితే నీకు కలిసొచ్చేదేం లేదు. వారానికి మూడు రోజులు చాలు, మూడు రోజులూ ఒళ్లంతా: ఒక కూర్చుని లేచేది, ఒక నెట్టేది, ఒక లాగేది, నేల మీది నుంచి బరువు ఎత్తేది. రాసుకో, వారం వారం కొంచెం పెంచు.

కార్డియో మానేయడం దేనికి? గుండె సన్నవాడికీ ఒకటే, లావువాడికీ ఒకటే. మారథాన్‌లు వద్దు గానీ, వారానికి రెండు రోజులు ఇరవై నిమిషాలు ఊపిరి ఆడించే పని చెయ్. దానికే కండ కరిగిపోదు.

ఇక బావగారు. ఆయనకి బరువులు వద్దనడం నాకు అన్నిటికంటే చికాకు పుట్టించింది. తిండి తగ్గించి ట్రెడ్‌మిల్ మాత్రమే చేస్తే బరువుతో పాటు కొంత కండ కూడా పోతుంది. ఆ కండ నిలవాలంటే దానికి పని చెప్పాలి. తిన్న అన్నంలోంచి వచ్చే చక్కెరని పీల్చుకునేది కూడా ఎక్కువగా కండరమే. పైగా 88 కిలోలు రోజూ మోసే కాళ్లు బలహీనంగా ఏం ఉండవు. లెగ్ ప్రెస్ (కాళ్లతో బరువు నెట్టే యంత్రం) మీద కూర్చోబెడితే నీకంటే ఎక్కువ నెడతాడు చూస్కో. లావుగా ఉన్న పిల్లల్ని గ్రౌండు చుట్టూ పరిగెత్తించడం మా వృత్తిలో పాత జబ్బు. వాళ్లు అందరికంటే వెనకబడి, అందరిచేతా నవ్వించుకుని, మర్నాడు కడుపునొప్పి అని చీటీ తెచ్చేవాళ్లు. అదే పిల్లాడి చేతికి షాట్‌పుట్ ఇచ్చి చూడు, తాడు లాగే ఆటలో చివర నిలబెట్టి చూడు. గంట కొట్టినా గ్రౌండు వదిలి పోడు. తనకి చేతనైన పనితో మొదలుపెట్టిన మనిషి రేపు కూడా వస్తాడు, నడక, పరుగు తర్వాత నేర్పొచ్చు.

స్కిప్పింగ్ మాత్రం వెంటనే ఆపించు. ఎగిరి దిగిన ప్రతిసారీ మోకాళ్ల మీద పడేది ఆయన బరువుకి కొన్ని రెట్లు. చదునైన చోట నడక, సైకిల్, ఈత వస్తే ఈత. ఎంత వేగంగా అంటే సుశ్రుత సంహితలోనే ఒక మంచి కొలత ఉంది. వ్యాయామం ఒంటి బలంలో సగం దాకానే చేయమని, ఊపిరి నోటి నుంచి రావడం మొదలైతే ఆ సగం అయిందని గుర్తు. నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి తీస్తూ నడవగలిగినంత వేగం, మొదట్లో ఆయనకి అది చాలు.

మాగుంట లేఅవుట్ కోచ్, నెల్లూరు

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట. మణికట్టు పరీక్ష నేను కూడా చేయను. కానీ కోచ్‌లందర్నీ ఒకే గాటన కట్టేయకండి. సన్నగా ఉన్న కుర్రాళ్లకి కండ పట్టడం కష్టం, ఇది నేను కళ్లారా చూస్తున్నదే. ఒకే షెడ్యూల్ ఇద్దరికి ఇస్తే ఒకడికి మూడు నెలల్లో చొక్కా బిగుతవుతుంది, ఇంకొకడు అలాగే ఉంటాడు. దానికి మేం పెట్టుకున్న పేరే ఎక్టో. ఇంకోటి, జనానికి "మీ బాడీ టైపు ఇది" అని చెబితేనే నమ్మకం. "అందరూ ఇవే చేయాలి" అంటే "దీనికి ఫీజెందుకు" అంటారు. పర్సనల్ చార్టు ఇవ్వకపోతే పక్క జిమ్‌కి పోతారు.

పాత పీఈటీ, కందుకూరు

కోచ్ గారూ, రెండో మాట నిజాయితీగా చెప్పారు, సంతోషం. ఫీజు కోసం పేరు పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. ఆ పేరు చెప్పి కుర్రాడి కాళ్ల వ్యాయామం, బావగారి బరువులు తీసేయకండి, అంతే.

మొదటి మాట కూడా నిజమే. ఒకే వ్యాయామానికి మనుషులు ఒకేలా స్పందించరు. 2005లో వచ్చిన ఒక పరిశోధనలో 585 మంది ఆడా మగా చేత 12 వారాలు ఒక చేతికి మాత్రమే బరువుల వ్యాయామం చేయించారు. అందరికీ ఒకే పద్ధతి. కొందరికి కండ 2 శాతం తగ్గింది, ఒకరికైతే 59 శాతం పెరిగింది. బలం కొందరికి అసలు పెరగలేదు, కొందరికి 250 శాతం పెరిగింది. తేడా అంత ఉంటుంది. ఎవరు ఏ కొసన ఉన్నారనేది పన్నెండు వారాలు చేయించి కొలిస్తేనే తెలుస్తుంది, మొదటి రోజు మణికట్టు పట్టుకుంటే కాదు. మీరు చేయాల్సిన పర్సనల్ చార్టు అదే: మొదటి రోజు కొలతలు, మూడు నెలల తర్వాత కొలతలు, దాన్ని బట్టి మార్పు. దానికి ఫీజు రెట్టింపు తీసుకోండి, నేనే ఒప్పుకుంటా.

ఎంత తిన్నా పట్టదు అనేవాళ్ల సంగతీ పరిశోధించారు. 1999లో 16 మందికి ఎనిమిది వారాలు రోజూ 1000 కేలరీలు అదనంగా తినిపించారు. ఒకరికి కొవ్వు అర కిలో కూడా పెరగలేదు, ఇంకొకరికి నాలుగు కిలోలు దాటింది. తేడా ఎక్కడంటే, పెరగనివాళ్లు తెలియకుండానే ఎక్కువ కదిలారు. కూర్చున్నచోట కాళ్లు ఆడించడం, ఊరికే లేచి తిరగడం, అలాంటివి. మన స్లాబ్ కుర్రోడు రోజంతా యార్డులో తిరుగుతున్నాడు. తిన్నదంతా అక్కడే ఖర్చవుతోంది. మధ్యాహ్నం క్యారియర్‌లో ఎంత పెట్టుకెళ్తున్నాడో ఎవరూ అడగలేదు!

రక్తపరీక్షల అక్క, నెల్లూరు

నేను ల్యాబ్‌లో పని చేస్తా. పేర్లు, వివరాలు చెప్పను గానీ, షుగర్ రిపోర్టు చూసి నమ్మలేక మళ్లీ రక్తం తీయమనేవాళ్లలో సన్నవాళ్లే ఎక్కువ. "నాకా? నాకు పొట్టే లేదు కదా" అంటారు. చొక్కా టక్ చేసుకుంటే లేనట్టే ఉంటుంది. పక్కకి తిరిగి నిలబడితే చేతులు, కాళ్లు సన్నం, నడుం దగ్గర మాత్రం చిన్న కుండ.

దీని మీద 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫొటో వచ్చింది. పుణే డాక్టర్ యాజ్ఞిక్, బ్రిటన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి బీఎంఐ (కిలోల బరువుని మీటర్ల ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. మనవాళ్లు సన్నగా కనబడుతూనే లోపల కొవ్వు మోస్తారని చెప్పడానికి అంతకంటే తేలిగ్గా అర్థమయ్యేది నేను చూడలేదు. అందుకే మనకి బీఎంఐ 23 దాటితేనే జాగ్రత్త అంటారు, 25 దాటితే ఊబకాయం కిందికే వస్తుంది. నడుం కొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు.

స్లాబ్ తమ్ముడూ, నీ బీఎంఐ 17. అది తక్కువ బరువు. ఇంట్లో నాన్న, తాతలు కూడా ఇలాగే ఉంటే, చిన్నప్పటి నుంచీ ఇలాగే ఉంటే కంగారు లేదు. ఈమధ్య కారణం లేకుండా బరువు తగ్గితే మాత్రం, దగ్గు, సాయంత్రం జ్వరం, అతిగా దాహం, గుండె దడ ఇలాంటివి ఉంటే జిమ్ కంటే ముందు డాక్టర్ దగ్గరికి పో. థైరాయిడ్, షుగర్, టీబీ ఒకసారి చూపించుకోవడంలో తప్పు లేదు.

బావగారి నడుం కొలిచేటప్పుడు ప్యాంటు సైజు చెప్పనివ్వకు. మగవాళ్లందరూ 36 అంటారు, ప్యాంటు పొట్ట కింద కడతారు. అన్నిటికంటే కింది పక్కటెముకకీ, తుంటి ఎముక పై అంచుకీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టాలి. ఊపిరి మామూలుగా వదిలాక చూడాలి. పొట్ట లోపలికి లాక్కోనివ్వకు.

కోవూరు టీచరమ్మ

ఈ థ్రెడ్‌లో అందరూ మగవాళ్ల సంగతే మాట్లాడుతున్నారు, నేనూ ఒకటి అడుగుతా మాస్టారూ. నడుం సన్నం, తొడలు, తుంటి భారీ. మా అమ్మ, పెద్దమ్మ అందరం ఇంతే. ఇద్దరు పిల్లల తర్వాత ఇంకొంచెం పెరిగింది. "పియర్ షేప్" అని ఒకామె రోజూ కాళ్లు పక్కకి ఎత్తే వ్యాయామాలు వందలు వందలు చేయిస్తోంది, తొడలు తగ్గుతాయట. తొడలేం తగ్గలేదు, తుంటి నొప్పి మాత్రం వచ్చింది. నడుం కొలత 76 ఉంది.

పాత పీఈటీ, కందుకూరు

టీచరమ్మా, ఎక్కడ కండరం కదిలిస్తే అక్కడి కొవ్వే కరగాలని ఒంటికి నియమం లేదు. తగ్గేటప్పుడు ఒళ్లంతా తగ్గుతుంది, ఎక్కడ ముందు ఎక్కడ తర్వాత అనేది వంశం, హార్మోన్లు చూసుకుంటాయి. తొడల్లో కొవ్వు పొట్టలో కొవ్వంత ప్రమాదకరం కూడా కాదు. నడుం 76 అంటే అక్కగారు చెప్పిన 80 లోపే ఉన్నారు. అది పెరగకుండా చూసుకోండి. చీర కుచ్చిళ్ల దగ్గర అద్దంలో చూసుకుని బాధపడటం మాత్రం అనవసరం.

ఆ వందలు ఆపేసి, నొప్పి తగ్గాక మెట్టు ఎక్కి దిగడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం పైకెత్తడం, వీటిని చేతిలో బరువు పెంచుకుంటూ పది, పన్నెండు సార్లు చేయండి. నీళ్ల బిందె ఎత్తడం వచ్చిన మనిషికి పది కిలోలు ఎక్కువేం కాదు. బోర్డు దగ్గర రోజంతా నిలబడతారు కాబట్టి పిక్కలు సాగదీయడం మరిచిపోకండి.

స్లాబ్ కుర్రోడు, ఒంగోలు

అందరికీ థాంక్స్. గోడ పరీక్ష చేశా మాస్టారూ. ఎడమ మోకాలు తాకింది, కుడిది తాకలేదు. ఇంటర్‌లో క్రికెట్ ఆడుతూ కుడికాలు మడత పడింది, పసరు కట్టు కట్టించుకుని వదిలేశాం. దానివల్లేనా? మడమల కింద ప్లేట్లు పెట్టి డంబెల్‌తో కూర్చుంటే మొదటిసారి పూర్తిగా కిందికి పోగలిగా. కోచ్ చూసి ఏమీ అనలేదు.

క్యారియర్ గురించి అడిగారు. నిజమే, ఒక గిన్నె అన్నం, పప్పుచారు, అప్పడం. గ్రానైట్ దుమ్ములో ఆకలే వేయదు. పదకొండింటికి టీ, నాలుగింటికి టీ. గుడ్లు, వేరుశెనక్కాయలు అంటే ఎన్ని తినాలి?

బావ నడుం కొలిచాం. ప్యాంటు 36. ల్యాబ్ అక్క చెప్పినచోట టేపు పెడితే 104 సెంటీమీటర్లు. స్లాబులు కొలిచే టేపుతో మనుషుల్ని కొలిస్తే అట్లాగే వస్తుందని వాదిస్తున్నాడు. రాత్రి అన్నం మానేసి పదకొండింటికి లేచి మిక్చర్ తింటున్నాడని మా అక్క కంప్లైంట్.

పాత పీఈటీ, కందుకూరు

కుడికాలు పాత దెబ్బే అయ్యుంటుంది. మెట్టు అంచు మీద పాదం ముందు భాగం పెట్టి, మడమ కిందికి దించి అర నిమిషం ఆపు. మోకాలు నిటారుగా ఒకసారి, వంచి ఒకసారి. పొద్దున, సాయంత్రం. ప్లేట్లు రెండు మడమల కిందా పెట్టుకో, కుడికాలికి మాత్రమే పెడితే నడుం వంకరవుతుంది. వారం పది రోజులకోసారి గోడ దగ్గర చూసుకో. ఎముక ఎముకకి తగిలినట్టు చీలమండ ముందు భాగంలో నొక్కుకుపోతుంటే మాత్రం సాగదీయకు, ఫిజియోకి చూపించు.

తిండి: హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ చెప్తుంది. నీకు దాదాపు 45 గ్రాములు. బరువులెత్తుతున్నావు కాబట్టి 75, 80 దాకా పెట్టుకో. గుడ్డులో 6 గ్రాములుంటుంది. పప్పుచారులో పప్పు తక్కువ, చారు ఎక్కువ, అమ్మని ముద్దపప్పు పెట్టమను. పొద్దున రెండు గుడ్లు, పదకొండింటికి టీ బదులు పాలు, జేబులో గుప్పెడు వేయించిన వేరుశెనక్కాయలు, నాలుగింటికి అరటిపండ్లు, ఆదివారం చేపల పులుసు ఎలాగూ ఉంటుంది. ప్రొటీన్ పొడులు వద్దనే అదే సంస్థ 2024 మార్గదర్శకాల్లో కూడా చెప్పింది. ఆకలి వేయకపోతే తాగేవి పెంచు, పాలలో అరటిపండు వేసి కొట్టుకో. నెలకి కిలో పెరిగితే చాలు, తొందరపడకు. యార్డులో దుమ్ము ఎక్కువన్నావు, మాస్కు కట్టుకో, ఆ రాతి దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

బావగారికి రాత్రి అన్నం పెట్టించు. పళ్లెంలో సగం కూర, పావు పప్పో గుడ్డో, పావు అన్నం, ఎనిమిదింటికల్లా. మిక్చర్ దానంతటదే ఆగుతుంది. గోడౌన్‌లో గంటకోసారి లేచి ఆ చివరి దాకా నడిచి రమ్మను. టేపు మీద నమ్మకం లేకపోతే దారంతో కొలిచి, ఆ దారాన్ని స్కేలు మీద పెట్టి చూపించు. మోకాలు వాచినా, మెట్లు దిగేటప్పుడు పట్టేసినా లెగ్ ప్రెస్ కూడా వద్దు, ముందు ఎముకల డాక్టర్‌కి చూపించండి. అప్పటిదాకా కూర్చుని చేసే లాగుడు, నెట్టుడు వ్యాయామాలు చేయిస్తూ ఉండు.